పిచ్చుకకిచ్చిన జవాబు

బడి వదిలేశారు. ఐదో తరగతి గదిలో మిగిలింది ఇద్దరే: ఆ తరగతి మాస్టారు, ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకోడానికొచ్చిన ట్రైనింగ్ టీచరమ్మ. బోర్డు ఎప్పుడో శుభ్రమైపోయింది, ఆవిడ ఇంకా తుడుస్తూనే ఉంది.

"...ఇంక చాల్లేమ్మా, ఆ బోర్డు అరిగిపోతుంది."

"ఈ మూల కొంచెం మరక మిగిలిందండీ."

"అది మరక కాదు, పెచ్చు ఊడింది. నేనీ బళ్ళో చేరకముందే ఊడింది. ఆ డస్టరు అక్కడ పెట్టి ఇలా వచ్చి కూర్చో."

"పర్లేదండీ మాస్టారూ, నిలబడతాను."

"నిలబడమని నేనేం శిక్ష వెయ్యలేదే. అంత బ్రహ్మాండంగా పాఠం చెప్పినదానివి, ఆ మొహమేమిటి?"

"బ్రహ్మాండంగా ఏం లేదండీ."

"నేననలేదు. నీకు మార్కులెయ్యడానికొచ్చిన మీ కాలేజీ పెద్దసారు అన్నారు. ఇలాంటి ఫైనల్ లెసన్ చూసి ఎన్నాళ్ళయిందో అన్నారు. హెడ్మాస్టరు గదిలో టీ తాగుతూ ఇప్పటికీ అదే మాట."

"ఇంకా వెళ్ళలేదా ఆయన?"

"ఉలిక్కిపడతావేం? బస్సుకి ఇంకా టైముందట."

"ఉలిక్కిపడలేదండీ. ఊరికే అడిగాను."

"రేపు పొద్దున మీ బ్యాచీ మొత్తాన్ని వెంటేసుకుని వస్తారట. మళ్ళీ ఇదే క్లాసు, ఇదే భిన్నాల పాఠం, నువ్వే చెప్పాలట. వాళ్ళంతా వెనక కూర్చుని చూసి నేర్చుకోవాలట."

"తెలుసండీ. నాక్కూడా చెప్పారు."

"మరి మీ అమ్మకి ఫోన్ చేశావా?"

"చేశాను. అమ్మ అప్పుడే పక్కింటికి వెళ్ళి చెప్పేసింది. మా పిన్నికి కూడా చెప్పేసింది. పిన్నికి చెప్పాక ఇంకెవరికీ చెప్పక్కర్లేదు, తనే చూసుకుంటుంది."

"అయితే ఇంకేం. ఇల్లంతా సంబరంగా ఉంటే నువ్విక్కడ బోర్డు పట్టుకుని వేలాడతావేం?"

"తలనొప్పిగా ఉందండీ."

"ఎప్పట్నుంచి?"

"పాఠం అయినప్పట్నుంచి."

"అయినప్పట్నుంచా, మధ్యలోంచా?"

"మీరేం అడుగుతున్నారో నాకు అర్థం కావట్లేదు మాస్టారూ."

"నీకర్థమైంది. నీళ్ళు నమలకు. వెనక బెంచీలో కూర్చున్నది నేనేనమ్మా. నువ్వు ప్రశ్న సగం అడిగావో లేదో క్లాసు లీడరుగాడు చెయ్యెత్తేశాడు. ఇంకా అడగని ప్రశ్నకి చెయ్యెత్తినవాణ్ణి నా సర్వీసు మొత్తంలో వాణ్ణొక్కణ్ణే చూశాను."

"వాడు చురుకైనవాడు కదండీ."

"వాడి పక్కవాడో? మూడో ప్రశ్న అడిగితే నాలుగోదానికి జవాబు చెప్పాడు. వాడూ చురుకేనా?"

"వాడు... కంగారుపడ్డాడండీ."

"ఆ తర్వాత నువ్వు నాలుగో ప్రశ్న అడిగావు. క్లాసంతా తిరిగి వాడి వంక చూసింది, నీ వంతు ముందే వాడేశావు కదరా అన్నట్టు. మీ పెద్దసారు ఆ టైములో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు కాబట్టి సరిపోయింది."

"మీకు అప్పుడే తెలిసిపోయిందా?"

"నిన్న మధ్యాహ్నమే తెలిసింది. ఐదో తరగతి నోట్లో నువ్వుగింజ నానుతుందా? కుళాయి దగ్గర మాట్లాడుకుంటున్నారు. 'నీకేం జవాబొచ్చిందిరా?' 'నాకు సగం వచ్చింది, నీకో?' 'నాకు మూడో వంతు. పొట్టిది బాగుంది, తొందరగా అయిపోతుంది.' నాటకంలో వేషాలు పంచుకున్నట్టు పంచుకుంటున్నారు."

"అందరూ అలాగే చేస్తారండీ. మా సీనియర్లు కూడా..."

"నేనేమన్నా అన్నానా?"

"పాఠం ముందే ఒకసారి చెప్పేస్తే తప్పేముంది అన్నారు. పిల్లలు రెండుసార్లు వింటే మంచిదే కదా అన్నారు."

"మంచిదే. రెండుసార్లే విన్నారా?"

"రెండుమూడు సార్లు."

"సరే. ఈ పని చేసినవాళ్ళలో నువ్వు మొదటిదానివీ కాదు, ఆఖరుదానివీ కాదు. దానికే తలనొప్పయితే ఒక కప్పు టీ తాగు, పోతుంది. పద."

"పదండి. ...కాదు, మీరెళ్ళండి మాస్టారూ."

"ఇంకా ఉందన్నమాట."

"ఏం లేదండీ."

"చూడమ్మా. నువ్వు మొదటిరోజు ఈ గదిలోకి వచ్చినప్పుడు పీరియడంతా బోర్డుకేసి తిరిగే చెప్పావు. నీ జడ ఎలా ఉంటుందో తెలిసింది కానీ మొహం ఎలా ఉంటుందో పిల్లలకి తెలీలేదు. గొంతు ముందు బెంచీ దాకా కూడా వచ్చేది కాదు."

"గుర్తు చెయ్యకండి."

"ఆ తర్వాత ఒకరోజు వానొచ్చింది. పాఠం ఆపేసి పిల్లలందర్నీ వరండాలో నిలబెట్టి, గ్లాసుల్లో వాననీళ్ళు పట్టించి, సగమెంత, పావెంత అని కొలిపించావు. ఒకటే గోల. సగానికి సగం తప్పులు. పక్క క్లాసు టీచరు వచ్చి నాతో గొడవపెట్టుకుంది కూడా. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్లకి పాఠం చెప్పడం వస్తుంది అని."

"ఆ రోజు చూడ్డానికి ఎవరూ రాలేదు కదండీ."

"అందుకే బాగుంది. ఇప్పుడు చెప్పు. ఇవాళ పిచ్చుక ఎందుకు చెయ్యెత్తింది?"

"ఎవరండీ?"

"పిచ్చుక. కిటికీ పక్కన చివరి బెంచీ. ఎవరో తెలీనట్టు అడగకు. ఆ పిల్ల చెయ్యెత్తడం నేనింతవరకూ చూడలేదు. బయటికెళ్ళాలన్నా తనెత్తదు, పక్కపిల్ల ఎత్తి అడిగిపెడుతుంది. అలాంటిది ఇవాళ చెయ్యి నిటారుగా ఎత్తి, లేచి నిలబడి, 'ఎనిమిదో వంతు పెద్దది టీచర్' అంది."

"అవునండీ. అంది."

"క్లాసంతా నవ్వింది."

"నవ్వారు."

"నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అని అడిగితే ఎనిమిదో వంతే అనేవాళ్ళు ఏ క్లాసులో అయినా ఉంటారు. నాలుగు కన్నా ఎనిమిది ఎక్కువే కదా పాపం. అందులో వింతేం లేదు. ఆ నవ్వే వింతగా ఉంది. అది నోరు తెరవకముందే వీళ్ళు నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు."

"తప్పు జవాబుక్కూడా మార్కులుంటాయండీ."

"ఎవరికి?"

"మాకు. పిల్లలు తప్పు చెబితే టీచరు ఎలా సరిదిద్దింది అని చూస్తారు. అందరూ కరెక్టే చెబితే ఇంక సరిదిద్దేదేముంటుంది, ఆ మార్కులు పోతాయి. పైగా ముందే బట్టీ పట్టించారని అనుమానం కూడా వస్తుంది. అందుకని సీనియర్లు... ఒక తప్పు కూడా వేసుకో అన్నారు."

"వేసుకోడానికి అదేమన్నా కూరలో ఉప్పా?"

"ఒకళ్ళు తప్పు చెప్తారు. నేను వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని, కాగితాలు మడతపెట్టించి, ఓపిగ్గా చెప్పి, మళ్ళీ వాళ్ళ నోటితోనే కరెక్టు చెప్పిస్తాను. మొత్తం పాఠంలో అదే బాగుందన్నారు సారు."

"నాకూ బాగుంది. సరే, ఆ తప్పు దానికే ఎందుకిచ్చావు?"

"ముందు లీడర్నే అడిగానండీ. ఇక్కడ నువ్వు తప్పు చెప్పాలిరా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. 'తెలిసి తెలిసి తప్పెలా చెప్తాను టీచర్, మా నాన్న వింటే ఇంకేమన్నా ఉందా' అన్నాడు. తర్వాత ఇంకో ఇద్దర్ని అడిగాను. తప్పు అనే మాట వినగానే అందరూ వెనక్కి జరిగారు. ఒకమ్మాయయితే ఏడుపు మొహం పెట్టేసింది."

"అప్పుడు పిచ్చుక కనబడింది."

"అది దేనికైనా తలూపుతుంది కదండీ."

"ఊపుతుంది. ఏం చెప్పి ఊపించావు?"

"ఏదో చెప్పాను. గుర్తులేదు."

"గుర్తుంది."

"చెప్పమంటే చెప్తుందిలే అని..."

"అమ్మాయ్. దానితో ఏ మాట అన్నావో ఆ మాట చెప్పు."

"నువ్వు చెయ్యెత్తి ఎనిమిదో వంతు పెద్దది అని చెప్పమ్మా అన్నాను."

"ఆ తర్వాత?"

"అంతే."

"అంతే అయితే తలనొప్పి ఎందుకొచ్చింది?"

"నువ్వయితే... నువ్వయితే సహజంగా ఉంటుంది అన్నాను."

"ఏదీ, సరిగ్గా వినపడలేదు."

"మళ్ళీ చెప్పించకండి మాస్టారూ. ఒక్కసారికే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ పిల్ల తప్పు చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు అనుకున్నాను. ఆ చిరిగిన జేబు, ఆ బిత్తరచూపులు, చూడగానే సారు నమ్మేస్తారు అనుకున్నాను. చిన్నపిల్లని పట్టుకుని అలా బేరీజు వేశాను. అనుకున్నట్టే ఆయన నమ్మారు కూడా."

"నువ్వలా అన్నప్పుడు అదేమంది?"

"నవ్వింది. సంతోషంగా నవ్వింది. ఇవాళ క్లాసంతా నవ్వినప్పుడు మాత్రం నవ్వలేదండీ. నా వంక చూసింది. ఆ చూపు చూసి కూడా నేనేమనుకున్నానో తెలుసా? ఇప్పుడు వెళ్ళి పక్కన కూర్చోవాలి, టైమైపోతోంది అనుకున్నాను. సారు రాసుకుంటున్నారా లేదా అని ఓరగా చూసుకుంటూ వెళ్ళి కూర్చున్నాను."

"ఊఁ."

"రేపు మళ్ళీ అదే చెప్పాలి. అది మళ్ళీ లేచి ఎనిమిదో వంతు అనాలి. ఈసారి మా బ్యాచీ అంతా చూస్తుండగా. దాని మొహం ఎలా చూడనండీ?"

"చూడలేకపోతే వెళ్ళి ఆయనకి చెప్పెయ్యి. రెండు గదుల అవతలే ఉన్నారు."

"చెబితే ఈ లెసన్ కొట్టేస్తారు. ఫైనల్ లెసన్ పోతే ఏడాది పోయినట్టే. అమ్మ అప్పుడే..."

"పక్కింటికి వెళ్ళి చెప్పేసింది."

"వెక్కిరించకండి."

"వెక్కిరించట్లేదమ్మా. ఇంకో దారి ఉందేమో చూస్తున్నాను. రేపటికి ఆ తప్పు వేరేవాళ్ళకి ఇవ్వు."

"ఎవరూ తీసుకోరని చెప్పానుగా."

"అయితే ఆ తప్పు దానికే ఉంటుంది. నువ్వు మింగలేవు, కక్కలేవు."

"మీరయితే ఏం చేస్తారు?"

"మధ్యలో నన్నెందుకు లాగుతావు? ...దాన్ని ఆ చివరి బెంచీలో కూర్చోబెట్టింది నేనే. కిటికీ ఉంది, గాలి తగులుతుందిలే అనుకున్నాను. అది జవాబు చెప్పలేకపోతే నేననే మాట ఒకటే, 'కూర్చో'. అంతకుమించి దానితో ఏం మాట్లాడానో గుర్తు రావట్లేదు. తలుపు దగ్గర ఎవరది?"

"ఎవరూ లేరండీ."

"ఉన్నారు. ఎర్ర రిబ్బను కనబడుతూనే ఉంది. దాక్కున్నది చాల్లే, లోపలికి రా. ఇంటికెళ్ళలేదేమే?"

తలుపు చాటునుంచి పిచ్చుక వచ్చింది. చేతిలో మడతలు పెట్టిన రెండు కాగితాలు.

"అమ్మ ఇంకా రాలేదండీ."

"అమ్మ వచ్చేదాకా గేటు దగ్గర కదా కూర్చోవాలి."

"టీచర్‌తో ఒక మాట చెప్పాలండీ."

"చెప్పు. ఎదురుగానే ఉంది, ఎక్కడికీ పారిపోదు."

"మీరుంటే..."

"నేను వినన్లే. ఇదిగో, కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. చెప్పు."

"టీచర్, నా వల్ల మీకు మార్కులు పోయాయా?"

"ఏంటమ్మా?"

"నేను మర్చిపోలేదు టీచర్. మీరు చెప్పమన్నదే చెప్పాను. ఎనిమిదో వంతు పెద్దది అనే కదా చెప్పమన్నారు. ఇంట్లో కూడా చాలాసార్లు చెప్పుకున్నాను. కావాలంటే మా అమ్మని అడగండి."

"నువ్వు మర్చిపోలేదమ్మా. నేను చెప్పినట్టే చెప్పావు."

"మరి అందరూ ఎందుకు నవ్వారు?"

"అదీ... వాళ్ళకి తెలుసు కదా."

"ఏం తెలుసు టీచర్?"

"అది తప్పు జవాబని. కావాలని పెట్టిన తప్పని. నీకూ... నీకు తెలుసు కదా?"

"నాకు తెలీదు టీచర్."

"తెలీకపోవడమేంటి? అందరం కలిసే కదా ముందు చెప్పుకున్నాం. నాలుగో వంతు పెద్దదని లీడరు చెప్పాడు, నువ్వు విన్నావు కదా."

"వాడికి మీరు అది ఇచ్చారు. నాకు ఇది ఇచ్చారు. నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా. అందుకని వాడిదే తప్పనుకున్నాను."

"నీకు... కరెక్టు జవాబు ఇచ్చాననుకున్నావా?"

"ఊఁ. నన్నెప్పుడూ ఎవరూ అడగరు కదా. మీరేమో నన్నే పిలిచి, నువ్వయితే సహజంగా ఉంటుంది అన్నారు. సహజంగా అంటే ఏంటో మా అమ్మని అడిగాను. బాగుంటుందని అర్థం అంది. పెద్దసారు వచ్చినప్పుడు చెప్పమని టీచరు నాకు జవాబిచ్చిందని చెబితే పొద్దున కొత్త రిబ్బను కట్టింది."

"మాస్టారూ, విన్నారా?"

"విననన్నానుగా."

"తప్పు అంటే ఇదీ వెనక్కి జరుగుతుందేమోనని ఆ మాట దాచానండీ. మిగతావాళ్ళందరికీ చెప్పి, దీనికొక్కదానికే చెప్పలేదు. ముందు చెప్పుకున్నప్పుడు కూడా, ఇక్కడికొచ్చేసరికి 'ఇక్కడ నేనొచ్చి వివరిస్తాను, సరే, తర్వాత ఎవరు' అని దాటేశాను. టైము సరిపోదని. క్లాసు మొత్తానికి తెలుసు, దీనికి తప్ప."

"ఇవాళ చెప్పారు కదా టీచర్. నా పక్కన కూర్చుని."

"అవునమ్మా. ఇవాళ చెప్పాను."

"రెండు కాగితాలూ ఒకే సైజు. దీన్ని నలుగురికి పంచాలి, దీన్ని ఎనిమిదిమందికి పంచాలి. ఎక్కువమంది వస్తే ఒక్కొక్కళ్ళకి తక్కువొస్తుంది. అందుకని ఎనిమిదో వంతే చిన్నది. ఈ కాగితాలు ఇంటికి తీసుకెళ్ళనా? మా అమ్మ కూడా ఎనిమిదో వంతే పెద్దది అనుకుంటోంది. నేనే చెప్పాను కదా."

"తీసుకెళ్ళు తల్లీ. నీకు నిజంగా అర్థమైందా?"

"అయింది. ఇవాళే అయింది. మాస్టారు చెప్పినప్పుడు కాలేదు."

"నేను వినట్లేదు కదా అని ఏదైనా అనేస్తావా? ...అనవే, పర్లేదు. ఉన్నమాటే కదా."

"అందరూ నవ్వినప్పుడు భయమేసింది టీచర్. నేనేదో పాడుచేశాను, మీరు తిడతారు అనుకున్నాను. మీరు తిట్టలేదు. నా బెంచీ మీదే కూర్చున్నారు. నా చెయ్యి పట్టుకుని మడతపెట్టించారు."

"వద్దమ్మా, దానికి నన్ను మెచ్చుకోకు. నువ్వేం పాడుచెయ్యలేదు. పాడుచేసింది నేను. తప్పని తెలిసే ఆ జవాబు నీ చేత చెప్పించాను. అందరూ నిన్ను చూసి నవ్వేలా చేశాను. నన్ను క్షమించు."

"టీచర్లు అలా అడగరు కదా."

"అడగాల్సొచ్చినప్పుడు అడుగుతారు."

"అయితే రేపు కూడా ఎనిమిదో వంతు నేనే చెప్పాలా?"

"వద్దు. నువ్వూ చెప్పక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. రేపు ఆ పాఠమే ఉండదు. మాస్టారూ, సారు ఇంకా ఆ గదిలోనే ఉన్నారా?"

"ఉన్నారు. నవ్వులు వినిపిస్తున్నాయి."

"వెళ్ళి చెప్పేస్తాను."

"ఏడాది పోతుందన్నావు."

"పోనివ్వండి."

"మరి మీ అమ్మ?"

"ముందు ఏడుస్తుంది, తర్వాత తిడుతుంది, ఆ తర్వాత అన్నం తిన్నావా అని అడుగుతుంది. ఈ పిల్ల వాళ్ళమ్మ వస్తే నన్ను పిలవండి మాస్టారూ. రిబ్బను కట్టి పంపిందట. ఆవిడకి కూడా నేనే చెప్పాలి."

"పిలుస్తానులే. వెళ్ళు. అక్కడికెళ్ళి మళ్ళీ జడ చూపించకు, ఆయన మొహంలోకి చూసి చెప్పు."

"టీచర్."

"ఏంటమ్మా?"

"మీరు చెప్పేస్తే ఆ పెద్దసారు రేపు రారా?"

"రారు. నువ్వేం భయపడకు. ఇంక ఎవరూ వచ్చి వెనక కూర్చోరు, నిన్ను చూసి ఏమీ రాసుకోరు."

"నాకు భయం లేదు టీచర్."

"మరి?"

"నాకు అర్థం కానివి ఇంకా చాలా ఉన్నాయి. ఆ సారు రాకపోతే మీరు నా పక్కన కూర్చోరు కదా."